కుర్చీల కూసున్న మందికి ఏ పూల్ చూపెట్టాలె? నా ఓటు నైన్ బాల్‌కే

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. హన్మకొండల ప్రైజ్ మనీ పెట్టి ఓపెన్ పూల్ (క్యూ కర్రతోని బాల్స్‌ని టేబుల్ పాకెట్లల్ల ఏసే ఆట) టోర్నమెంట్ చేద్దామనుకుంటున్నరు, హైదరాబాద్, కరీంనగర్ నుంచి గట్టి ప్లేయర్లను పిలుస్తరు, సెమీస్, ఫైనల్ మాత్రం ఫంక్షన్ హాల్‌ల ఒక్క టేబుల్ ఏసి చుట్టూ కుర్చీలేసి యూట్యూబ్‌ల లైవ్ పెడ్తరు. మరి ఎయిట్ బాలా, నైన్ బాలా, టెన్ బాలా, ఆడెటోళ్లకు అన్యాయం కావద్దు, చూసెటోళ్లు లేచి పోవద్దు, ఇదే కద నీ ప్రశ్న. నీ దోస్తులంతా ఎయిట్ బాలే పెడ్దాం అంటున్నరు, అందరికి తెలిసిన ఆట అదే అని.

నేను నక్కలగుట్ట దిక్కు పన్నెండేండ్లు పార్లర్ నడిపిన, చిన్నయి పెద్దయి కలిపి ఇరవై దాకా టోర్నమెంట్లు పెట్టిన, మొదటి ఐదారు ఎయిట్ బాలే పెట్టిన. అందుకే సూటిగ చెప్తున్న, నైన్ బాల్ పెట్టు. కాని మన పార్లర్లల్ల పైసలు పెట్టుకొని ఆడే నైన్ బాల్ కాదు, కొన్ని రూల్స్ బిగించి పెట్టాలె, ఏమేం బిగించాలెనో కింద చెప్త. ముందుగాల ఎందుకో చెప్తే మీ దోస్తులకు నువ్వే చెప్పుకుంటవ్.

మా పార్లర్ ముంగట ఒకాయనకు ఛాయ్ బండి ఉండె. యాభై ఏండ్ల మనిషి, జన్మల క్యూ కర్ర పట్టలే. రోజూ సాయంత్రం ఛాయ్ తెచ్చి టేబుళ్ల మీద పెట్టి పోయెటోడు, ఎన్నేండ్లు తెచ్చిండో అన్నేండ్లు బోర్డు దిక్కు కూడ చూడలే. ఒకనాడు ఇద్దరు పోరగాళ్లు నైన్ బాల్ ఆడుతున్నరు, గ్లాసులు పెట్టి నిలబడ్డడు, గిప్పుడు ఏది గొట్టాలె అన్నడు. బాల్స్ మీద నంబర్లున్నయ్ కద, ఉన్నదాంట్ల చిన్న నంబర్‌కే వైట్, అంటే మనం కర్రతోని కొట్టే తెల్ల బాల్, ముందుగాల తగలాలె, ఆఖరికి తొమ్మిది పడగొట్టినోడిది గేమ్ అని చెప్పిన, అంతే, ఇంకో ముక్క చెప్పలే. రెండో ర్యాక్‌ల, అంటే రెండో గేమ్‌ల, ఆరు నంబర్ పడ్డది, వైట్ ఇంకా ఉరుకుతనే ఉన్నది, ఏడు నంబర్ ఆ కొసకు కుషన్‌కి, అంటే టేబుల్ అంచు రబ్బరుకు, అతుక్కొని ఉన్నది, వైట్ మెల్లగ మెల్లగ వచ్చి ఎనిమిది వెనక దాక్కున్నది. ఆయన తొడ మీద కొట్టుకొని "అరెరే, దాని ఎన్కకు వోయింది" అన్నడు. పొజిషన్ అంటే ఏందో ఆయనకు ఎవ్వరు చెప్పలే తమ్మీ. నంబర్లు ఎంచుడు వచ్చు కాబట్టి వైట్ యాడికి పోవాల్నో ఆయన కన్ను ఆయనకే చెప్పింది. ఆ దినం నుంచి ఛాయ్ పెట్టి పది నిమిషాలు నిలబడకుండ పోలే.

నేను పట్టుకున్న మాట అదే. చూసెటోడికి తర్వాత ఏ బాల్ కొట్టాల్నో ముందే తెలిసి ఉండాలె. అది తెలిస్తే ఆడెటోడికి ఎంత కష్టం వచ్చిందో చూసెటోడికి కూడ కనవడ్తది. అది తెల్వకపోతే ఎంత గొప్ప షాట్ కొట్టినా ఏదో బాల్ పడ్డది అనుకుంటడు.

ఎయిట్ బాల్ సంగతి చూడు. ఒకడికి ఒకటి నుంచి ఏడు దాకా నిండు రంగులవి, ఇంకొకడికి తొమ్మిది నుంచి పదిహేను దాకా గీతలవి, తనవన్ని అయినంక నల్లది. మనకు ఇది చప్పున ఎక్కుతది, ఎందుకంటే చిన్నప్పటి నుంచి క్యారమ్ ఆడినోళ్లం, తెల్లవి నీకు నల్లవి నాకు అనే లెక్క మన చేతులల్ల ఉన్నది. గల్లీల క్యారమ్ బోర్డు చుట్టూ నలుగురు నిలబడి చూస్తరు కద అని నీ దోస్తులు అనొచ్చు. చూస్తరు, ఎందుకంటే వాళ్లు తర్వాతి బోర్డు ఆడాలె, వాళ్ల నంబర్ కోసం ఆగిన్లు. ఆడేది లేకుండ ఉత్తగ చూసుటానికి వచ్చినోడి సంగతి ఏరు.

మంచి ప్లేయర్ ఎయిట్ బాల్ ఎట్ల ఆడ్తడు? ముందు బోర్డు మొత్తం చూస్తడు, ఏ బాల్ ఎన్కకు ఏది కొడ్తే వైట్ తక్కువ దూరం తిరుగుతదో మనసుల గీసుకుంటడు, నల్లదాని ముందు ఏ బాల్ ఉంచుకోవాల్నో అది కూడ అప్పుడే అనుకుంటడు. ఏడు బాల్స్‌ల ఏదైనా కొట్టే స్వేచ్ఛ ఉన్నది కాబట్టి ప్రతి షాట్‌కి దగ్గరిదే ఎంచుకుంటడు. ఎంత గొప్పోడైతే అంత చిన్న చిన్న షాట్లు, వైట్ జానెడు కదుల్తది, ఇంకో జానెడు కదుల్తది, అయిపాయె. ఆ తెలివి అంతా ఆయన తలకాయల జరిగింది, బయట కూసున్నోడికి కనిపించింది మాత్రం పాకెట్ ముంగట ఉన్న బాల్స్‌ని వరుసగ నూకుడే. ఇది నేను కూడ కొడ్త కద అనుకుంటడు. అంటే ఆడెటోడు ఎంత బాగ ఆడ్తే చూసెటోడికి అంత సప్పగ అనిపిస్తది, డబ్బులు పెట్టి చూపెట్టే ఆటకు ఇంత కన్న పెద్ద లోపం ఉండదు. ఇంకోటి, మధ్యల లోపటికొచ్చినోడికి ఎవరిది గీతలదో ఎవరిది నిండుదో తెల్వది, పక్కోన్ని అడగాలె. నైన్ బాల్‌కి ఎప్పుడు వచ్చినా సరే, బోర్డు మీద చిన్న నంబర్ ఏదో చూసుకుంటే ఆటల పడ్డట్టే.

నేను పెట్టిన మూడో టోర్నమెంట్ ఫైనల్ ఎయిట్ బాల్, రేస్ టు నైన్, అంటే ముందుగాల తొమ్మిది ర్యాకులు గెలిచినోడిదే మ్యాచ్. ఇద్దరు మంచి ప్లేయర్లు, నాకైతే పండుగ లెక్క ఉండె, ఒకడు నాలుగో ర్యాక్‌ల రెండు బాల్స్ అతుక్కొని ఉంటే వాటిని విడగొట్టుటానికి మూడు షాట్ల ముందు నుంచే దారి ఏసుకున్న తీరు నాకు ఇప్పటికీ యాదికున్నది. లేచి సప్పట్లు కొట్టిన. ఎన్కకు తిరిగి చూస్తే సగం కుర్చీలు ఖాళీ, ఉన్నోళ్లు ఫోన్లు చూసుకుంటున్నరు. అరవై మందితోని మొదలైన ఫైనల్ అయిపొయ్యేసరికి ఇరవై మంది లేరు, ఆ ఇరవై మంది కూడ ఆడెటోళ్ల దోస్తులే. తప్పు వాళ్లది కాదు, నేను చూసింది వాళ్లకు కనవడే ఏర్పాటు నేను చెయ్యలే.

ఎయిట్ బాల్ చెడ్డ ఆట అని కాదు నేననేది. చైనాల హేబాల్ అని ఆడ్తరు, ఎయిట్ బాలే, కాని 9 అడుగుల టేబుల్‌కి స్నూకర్ టేబుల్ లెక్క మూతి గుండ్రంగ ఉన్న పాకెట్లు పెట్టిన్లు, కుషన్ ఎంబడి పోయే బాల్ జర తాకినా బయటకొస్తది, అట్ల కష్టం పెంచి పెద్ద పెద్ద ప్రైజ్ మనీ టోర్నమెంట్లు నడిపిస్తున్నరు. కాని ఆ టేబుళ్లు ఇక్కడ నీ దగ్గర లేవు కద. మామూలు పూల్ టేబుల్ మీద గట్టి ప్లేయర్లకు ఎయిట్ బాల్ సుళువైతది.

ఇప్పుడు ఇంకో దిక్కు చూడు. 1995ల అమెరికాల రెనో అనే ఊర్ల టోర్నమెంట్, ఫిలిప్పీన్స్ ఎఫ్రెన్ రేయెస్‌కి అమెరికా ఎర్ల్ స్ట్రిక్లాండ్‌కి నైన్ బాల్, స్కోర్ 12-12, ఆఖరి ర్యాక్. స్ట్రిక్లాండ్ సేఫ్టీ ఆడి వైట్‌ని దాచిపెట్టిండు, కొట్టాల్సిన బాల్ సూటిగ కనవడ్తలేదు. రేయెస్ రెండు కుషన్లు తగిలిచ్చి వైట్‌ని అడ్డంగ తిప్పి ఆ బాల్‌ని తాకుడే కాదు పాకెట్ల ఏసిండు, ర్యాక్ గెలిచిండు, మ్యాచ్ గెలిచిండు. ముప్పై ఏండ్లాయె, ఇప్పటికి కూడ ఆ వీడియో జనం చూస్తనే ఉన్నరు, పూల్ తెల్వనోళ్లు కూడ చూస్తరు. ఎందుకంటవ్? ఏ బాల్‌కి తగలాల్నో అక్కడున్న ప్రతి ఒక్కరికి తెలుసు, దానికి దారి లేదని కూడ ప్రతి ఒక్కరికి కనవడ్తున్నది. ఎయిట్ బాల్‌ల అయితే అది కాకపోతే తన బాల్ ఇంకోటి తగిలిచ్చి బయటపడేటోడు, ఎవరికి యాదికుండేది కాదు.

స్నూకర్ల కూడ గిదే. మన దేశంల జబల్పూర్ల 1875ల బ్రిటిష్ సైనిక అధికారులు మొదలువెట్టిన ఆట అది, బీబీసీ 1969ల పాట్ బ్లాక్ అని ఒక్క ఫ్రేమ్, అంటే ఒక్క గేమ్, ప్రోగ్రాం పెట్టినంక ఇంటింటికి పోయింది, కలర్ టీవీ కొత్తగ వచ్చిన రోజులవి, రంగు రంగుల బాల్స్ చూపెట్టుటానికి అంత కన్న మంచి ఆట దొరకలే వాళ్లకు. ఆఖర్ల రెడ్లు అయిపోయినంక పసుపు నుంచి నల్లది దాకా ఆరు కలర్లు వరుసగనే కొట్టాలె, తర్వాత ఏదో అందరికి తెలుసు. 1985 వరల్డ్ ఫైనల్ డెన్నిస్ టేలర్, స్టీవ్ డేవిస్ 17-17 అయి, ఆఖరి ఫ్రేమ్‌ల ఆఖరి నల్ల బాల్ మీదికి వచ్చింది, బ్రిటన్ల అర్ధరాత్రి దాటినంక కూడ 1 కోటి 85 లక్షల మంది టీవీల ముందు కూసున్నరు. ఒక్క బాల్ కోసం. మరి స్నూకర్ పెట్టొచ్చు కద అంటే, 12 అడుగుల టేబుల్ ఫంక్షన్ హాల్‌ల ఎత్తి పెట్టి లెవెల్ చేసుడు మామూలు పని కాదు, మన దిక్కు ప్లేయర్ల చేతిల ఒక్క ఫ్రేమ్ ముప్పావు గంట పోతది, దాన్ని వదిలెయ్యి.

ఇగ నైన్ బాల్ మీద అందరు అనే మాట, తుక్కా ఎక్కువ అని. నిజమే, తొమ్మిది ఎట్ల పడ్డా పడ్డట్టే. మూడు నంబర్‌కి గట్టిగ కొడ్తడు, మిస్ అయితది, అది తిరిగి తిరిగి తొమ్మిదికి తగిలి తొమ్మిది మూలకు పడ్తది, గేమ్ అయిపాయె. ఎదుటోడు తలకాయ పట్టుకుంటడు. ఆ నొప్పి నాకు తెలుసు, ఒకసారి 6-6 మీద నేను అట్లనే ఓడిపోయిన, రాత్రంతా నిద్రపట్టలే. కాని ఆ తుక్కా గేమ్‌ని గెలిపిస్తది, మ్యాచ్‌ని గెలిపియ్యదు, రేస్ పొడుగు ఉంటే. 1996ల హాంకాంగ్‌ల గీ రేయెస్, స్ట్రిక్లాండ్ ఇద్దరే రేస్ టు 120 ఆడిన్లు, మూడు దినాలు, లక్ష డాలర్లు. రేయెస్ 120-117 తోని గెలిచిండు. 237 ర్యాకులు ఆడితే తేడా మూడు. ఇద్దరు సమానంగ ఉన్నోళ్లు సమానంగనే తేలిన్లు, తుక్కాలు రెండు దిక్కుల పడి కొట్టుకపోయినయ్. మనం 120 పెట్టలేం గాని రేస్ టు ఫోర్, రేస్ టు ఫైవ్ పెట్టి తుక్కా ఎక్కువైంది అంటే తప్పు ఆటది కాదు. మొదటి రౌండ్లు రేస్ టు సెవెన్, సెమీస్ నైన్, ఫైనల్ లెవెన్ పెట్టు. మన ప్లేయర్లకు ఒక ర్యాక్ ఆరేడు నిమిషాలు పడ్తది, 10-10 దాకా పోయినా ఫైనల్ రెండున్నర గంటలల్ల అయితది, అంత సేపు మంది కూసుంటరు.

ఆ తుక్కా చూసెటోళ్లకు కావాలె కూడ. బోర్డు మీద తొమ్మిది ఉన్నంత సేపు, ఎంత ఎనకబడ్డోడు కూడ మూడు-తొమ్మిది కాంబినేషన్, అంటే మూడుని కొట్టి దాంతోని తొమ్మిదిని పడగొట్టుడు, కొట్టి ర్యాక్ గుంజుకోవచ్చు. కాంబినేషన్ అనేది తుక్కా కాదు, కాంబినేషన్ కొట్టుడు కండ్లకు కనిపించే నైపుణ్యం, రెండు బాల్స్ మధ్య దూరం రెండడుగులుంటే అది గెలుపో ఓటమో కొట్టేదాక ఎవ్వరికి తెల్వది, హాల్ మొత్తం ఊపిరి బిగవడ్తది.

అసలు రోగం తుక్కా కాదు తమ్మీ, బ్రేక్, అంటే పేర్చిన బాల్స్‌ని చెదరగొట్టే మొదటి దెబ్బ. దీని మీద జర ఎక్కువ రాస్త, ఎందుకంటే మీరు ఏది మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

ఐదారేండ్ల కింద నేను పెట్టిన టోర్నమెంట్‌ల పల్చటి ప్లాస్టిక్ షీట్ ర్యాక్ తెప్పించిన, బాల్స్ అన్ని ఒకదానికి ఒకటి గట్టిగ అతుక్కుంటయ్, ర్యాక్ ఏసుట్ల మోసం ఉండదు అని. గెలిచినోడిదే బ్రేక్ అని కూడ పెట్టిన. జనగామ దిక్కు నుంచి ఒక పిలగాడు వచ్చిండు, ఇరవై ఏండ్లుంటయో లేవో. ఒకటి నంబర్ స్పాట్ మీద, అంటే ర్యాక్ పేర్చే చోట టేబుల్ మీదున్న చుక్క మీద, ఉన్నది మామూలుగ. వాడు పక్క కుషన్ దగ్గర నుంచి జోరు లేకుండ మెత్తగ కోసినట్టు బ్రేక్ కొట్టిండు, ర్యాక్ పక్కల ఉండే బాల్ ఉంటది చూడు, దాన్ని వింగ్ బాల్ అంటం, అది సీదా మూల పాకెట్లకు పోయింది. రెండో ర్యాక్ కొట్టిండు, అదే బాల్ అదే పాకెట్. మూడోది, మళ్ల అదే. మిగిలిన బాల్స్ అన్ని కింది దిక్కే తెరుచుకొని ఉంటున్నయ్, దగ్గర దగ్గర, వాడు తుడిచిపెడ్తున్నడు. ఐదు ర్యాకులు అట్లనే. ఎదుటోడు కుర్చీల కూసొని క్యూకి చాక్ రాసుకుంట ఉన్నడు, ఒక్క షాట్ రాలే ఆయనకు. పిలగాని తప్పేం లేదు, వాడు కష్టపడి నేర్చుకున్నడు, రూల్‌ల ఉన్నదే ఆడిండు. కాని అది చూసుటానికి ఏం లేదు, రేపు అందరు అదే నేర్చుకుంటే టాస్ గెలిచినోడిదే మ్యాచ్.

దీనికి మందు ప్రొఫెషనల్ టోర్నమెంట్లు నడిపే వాళ్లు ముందే కనిపెట్టిన్లు. స్పాట్ మీద ఒకటి కాకుండ తొమ్మిది పెట్టు. నైన్ బాల్ ర్యాక్ ఒకటి, రెండు, మూడు, రెండు, ఒకటి వరుసలు కద, తొమ్మిది నడుమ ఉంటది. తొమ్మిదిని స్పాట్ మీద పెడ్తే ర్యాక్ మొత్తం రెండు వరుసలు బ్రేక్ కొట్టెటోని దిక్కు జరుగుతది, దాదాపు 4 అంగుళాలు. గా 4 అంగుళాలకే వింగ్ బాల్ దారి మారిపోతది, మూల పాకెట్‌కి ఖాయంగ పోవుడు బంద్ అయితది. దాని తోడు బ్రేక్ కొట్టుటానికి నడుమ ఒక డబ్బా గీసి అందుట్ల నుంచే కొట్టాలె అను, కుషన్ దగ్గర నుంచి కోసుడు ఉండదు. ఇంకోటి, బ్రేక్‌ల కనీసం మూడు బాల్స్ అన్న పాకెట్ల పడాలె లేకుంటే బ్రేక్ గీత దాటి పైకి రావాలె, లేకపోతే అది చెల్లని బ్రేక్, ఆడాల్నా వాపస్ ఇయ్యాల్నా ఎదుటోడి ఇష్టం. గీ మూడు పెట్టు, జోరుగ కొట్టక తప్పదు, బాల్స్ బోర్డంతా చెదురుతయ్, చప్పుడుకు మంది లేచి చూస్తరు. ఆ తర్వాత సంవత్సరం గివే పెట్టిన, అదే పిలగాడు వచ్చిండు, ఈసారి సెమీస్‌ల ఓడిండు, కాని ఆ మ్యాచ్ 9-8, నేను చూసిన మంచి మ్యాచుల్ల ఒకటి.

బ్రేక్ ఎవరిది అనే దాని మీద నేను ఇంకా రెండు మనసుల మీద ఉన్న. గెలిచినోడిదే బ్రేక్ అంటే ఒకడు వరుసగ ర్యాకులు లాగుతుంటే ఆ ఊపు వేరే ఉంటది. 1996ల స్ట్రిక్లాండ్ డాలస్‌ల వరుసగ పది ర్యాకులు తీసిండు, పది తీస్తే పది లక్షల డాలర్లు అని పందెం పెట్టిన టోర్నమెంట్‌ల. అట్లాంటి సంగతి ఒకరికొకరు మార్చి కొట్టే బ్రేక్‌ల జరగదు. కాని మీది మొదటి టోర్నమెంట్, దూరం నుంచి వచ్చినోడు ఒక్క షాట్ కొట్టకుండ ఇంటికి పోతే మళ్ల రాడు. మీరు మార్చి మార్చి పెట్టున్రి.

టెన్ బాల్ గురించి. ప్లేయర్లను అడిగితే చాల మంది టెన్ బాలే న్యాయం అంటరు, నేను ఒప్పుకుంట. పది బాల్స్ ముక్కోణం ర్యాక్, బ్రేక్ కష్టం, ఏ బాల్ ఏ పాకెట్ల ఏస్తవో ముందే చెప్పాలె, కాబట్టి తుక్కా లెక్కల పడదు, బ్రేక్‌ల పది పడ్డా గేమ్ రాదు, తీసి మళ్ల స్పాట్ మీద పెడ్తరు. 2008 నుంచి దానికి వరల్డ్ ఛాంపియన్‌షిప్ కూడ ఉన్నది. ఇద్దరు సమ ఉజ్జీల మధ్య ఎవడు గొప్పోడో తేల్చాలంటే దాన్నే పట్టుకోవాలె. కాని చూసెటోడి దిక్కు నుంచి చూడు. బాల్ పడ్డది, సప్పట్లు కొట్టిన్లు, రెఫరీ వచ్చి కాదు, వేరే పాకెట్ చెప్పిండు అంటడు, ఎదుటోడు ఆలోచించి ఆడను నువ్వే ఆడు అని వాపస్ ఇస్తడు. ఏం జరిగిందో హాల్‌ల సగం మందికి అర్థం కాదు. ప్రతి షాట్ ముందు ప్లేయర్ నోట్ల చెప్పేది మూడో వరుసకు ఇనరాదు. పరీక్ష పెట్టుటానికి టెన్ బాల్, జాతర చేసుటానికి నైన్ బాల్, నా లెక్క అది. రెండో ఏడాది, మంది రూల్స్ పట్టుకున్నంక, సెమీస్ నుంచి టెన్ బాల్ చేస్త అంటే నేను అడ్డం రాను.

స్ట్రెయిట్ పూల్, అదే 14.1, పాత అమెరికా ఛాంపియన్లు ఆడింది ఇదే. ఏ బాల్ అయినా కొట్టు, చెప్పి కొట్టు, ఒక్కో దానికి ఒక్క పాయింట్, పద్నాలుగు అయిపోతే మళ్ల ర్యాక్ ఏస్తరు. 1954ల విల్లీ మాస్కోని తప్పకుండ వరుసగ 526 కొట్టిండు, అది అరవై ఏండ్లకు పైన నిలబడ్డది, 2019ల జాన్ ష్మిట్ 626, 2022ల జేసన్ షా 714. ఆడెటోడికి ఇంతకన్న పెద్ద తపస్సు లేదు, నేర్చుకునే పిలగాళ్లకు నేను రోజూ గంట సేపు ఇదే ఆడిపిచ్చేది. కాని వరుసగ 714 బాల్స్ పడుడు కుర్చీల కూసొని ఎవరు చూస్తరు, ఎదుటోడు కూడ కుర్చీలనే ఉంటడాయె. వన్ పాకెట్ ఇంకా లోతు, ఒకొక్కరికి ఒక్క మూల పాకెటే, ఎనిమిది బాల్స్ ముందు ఏసినోడు గెలుస్తడు, ఆడెటోళ్లు చూస్తే కండ్లు తిప్పరు, తెల్వనోళ్లు చూస్తే నిద్ర పోతరు.

క్లాక్ తప్పకుండ పెట్టు. షాట్‌కి 30 సెకన్లు, ర్యాక్‌కి ఒక్క ఎక్స్‌టెన్షన్, అంటే ఒక్కసారి ఎక్కువ టైం. మన వాళ్లకు ఇది కొత్త కాదు, కబడ్డీల రెయిడ్‌కి 30 సెకన్లే కద, ఎవ్వరికి వివరించ పని లేదు. అమెరికా, యూరప్ టీముల మధ్య 1994 నుంచి మాస్కోని కప్ నడుస్తది, నైన్ బాలే, చిన్న చిన్న మ్యాచులు రేస్ టు ఫైవ్, 30 సెకన్ల క్లాక్, జనం ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వచ్చినట్టు పాటలు పాడుకుంట చూస్తరు. పూల్ అంటే మౌనంగ కూసోవాలె అనుకునేటోళ్లు ఒక్కసారి అది చూడాలె. ఇంక మూడు ఫౌళ్ల రూల్ కూడ ఉంచు, వరుసగ మూడు ఫౌళ్లు చేస్తే ర్యాక్ పోతది. రెండు అయినంక రెఫరీ గట్టిగ చెప్పాలె, ప్లేయర్‌కి కాదు, హాల్‌కి ఇనవడేటట్టు. రెండు ఖాళీ రెయిడ్ల తర్వాత డూ ఆర్ డై రెయిడ్ వచ్చినప్పుడు స్టేడియం ఎట్ల మారుతదో గట్లనే మారుతది, నేను చూసిన.

ఒక్కటి మాత్రం మందికి అర్థం కాదు, పుష్ అవుట్. బ్రేక్ అయినంక కొట్టాల్సిన బాల్ కనవడకపోతే ప్లేయర్ పుష్ అని చెప్పి వైట్‌ని యాడికైనా నూకొచ్చు, అప్పుడు ఆడాల్నా వద్దా ఎదుటోడి ఇష్టం. ఇది తీసెయ్యద్దు, తీసేస్తే బ్రేక్ తుక్కా ఎక్కువైతది. దానికే మైక్ పట్టుకొని మాట్లాడెటోడు ఒకడు కావాలె. ఇంగ్లీష్ కామెంటరీ వద్దు, మన మాటల్లనే చెప్పేటోన్ని పెట్టు, షాట్ కొట్టే ముందు ఒక్క ముక్క చెప్పాలె, ఏడు పడుతది గాని వైట్ ఎనిమిది కోసం ఈ దిక్కు రావాలె అని. కొట్టేటప్పుడు నోరు మూసుకోవాలె. కొట్టినంక ఎందుకు రాలేదో చెప్పాలె. ఇంతే పని, కాని ఇది చేసేటోడు దొరికితే సగం టోర్నమెంట్ గెలిచినట్టే.

కెమెరా కోసం ఇంకా కొన్ని. మామూలు సెట్‌ల నాలుగు నంబర్ ఊదా రంగు, ఏడు ముదురు మెరూన్, వీడియోల ఈ రెండూ ఎనిమిది నల్లదాని లెక్క కొడ్తయ్, నంబర్ల ఆటకు అది పెద్ద నష్టం. టీవీ సెట్ అని దొరుకుతయ్, నాలుగు గులాబీ రంగు, ఏడు లేత గోధుమ, అవి తెప్పియ్యి. గుడ్డ నీలం ఏపియ్యి, పచ్చ గుడ్డ మీద ఆరు నంబర్ పచ్చ బాల్ కలిసిపోతది. లైట్ టేబుల్ మొత్తం మీద ఒక్క తీరుగ పడాలె, నడుమ ఒక్కటే బల్బు ఏలాడేసి వదిలేస్తే కుషన్ల దగ్గర నీడ పడ్తది, సేఫ్టీలన్ని అక్కడనే జరుగుతయ్. ఒక కెమెరా నెత్తి మీద నుంచి పక్కా ఉండాలె, వైట్ దారి పైకెల్లి చూస్తేనే తెలుస్తది. ఇంకో కెమెరా ప్లేయర్ మొఖం మీద.

కుర్చీలు రెండు పొడుగు దిక్కులనే ఎయ్యి, మూడు వరుసల కన్న ఎక్కువ వద్దు, ఎనక వరుస మెట్టు మీద ఉండాలె. కూసున్నోడికి టేబుల్ పై తలం కనవడకపోతే నేను ఇంత సేపు చెప్పిన నంబర్ల సంగతి అంతా వృథా, వాళ్లకు ప్లేయర్ నడుము తప్ప ఏం కనవడది. ఫంక్షన్ హాల్‌ల స్టేజీ ఉంటది కద, టేబుల్ స్టేజీ మీద పెడ్దాం అని ఎవరో ఒకరు అంటరు. అస్సలు వద్దు, టేబుల్ కిందనే ఉండాలె, మంది ఎత్తుల ఉండాలె. స్టేజీ చెక్కలు మనిషి నడిస్తే కదుల్తయ్ కూడ, 9 అడుగుల స్లేట్ టేబుల్ లెవెల్ మధ్యాహ్నానికి తప్పుతది.

ఒక్క పని చెయ్యి ఇప్పుడు. ఫైనల్‌కి పెట్టే టేబుల్ మూల పాకెట్ల మూతి వెడల్పు టేప్‌తోని కొలిచి రాయి, నాలుగు మూలలు ఏరే ఏరే. 5 అంగుళాలు ఉంటే రబ్బరు కింద పట్టీలు ఏపిచ్చి బిగించాలె, లేకపోతే ఏ ఆట పెట్టినా గట్టి ప్లేయర్లకు అది పిల్లలాట. నాలుగున్నర కన్న తక్కువ ఉంటే మన వాళ్లు చాల మిస్ చేస్తరు, ర్యాక్ పది నిమిషాలు దాటుతది, అప్పుడు ఫైనల్ లెవెన్ కాదు నైన్‌కి తగ్గియ్యాలె. కొలతలు పెట్టు, దాన్ని బట్టి టైం టేబుల్ ఎట్ల ఏసుకోవాల్నో చెప్త.